సర్కారు జులాబుతో ఇండికేటరు

1949 జూన్‌లో నన్ను సూర్యాపేటలోని ఒక ఉన్నత పాఠశాలకు సైన్సు అసిస్టెంటుగా వేశారు. ఉత్తర్వులో ఉద్యోగం పేరు పక్కనే ‘తాత్కాలికం’ అని ఉంది. అంతకుముందు ఏడాదే నిజాం రాజ్యం కూడా తాత్కాలికమని తేలింది కనుక, ఆ మాటను నేను పెద్దగా పట్టించుకోలేదు.

మా ప్రయోగశాల అంటే ఒక బీరువా, రెండు బల్లలు, అటెండరు యాదగిరి. బీరువాలో ఒక బ్యూరెట్టు, కొన్ని పరీక్ష నాళికలు, స్పిరిటు దీపం, హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసా ఉండేవి. లేనిది ఇండికేటరు. ఎదురైనది ఆమ్లమో క్షారమో తన రంగు మార్చుకుని చెప్పే పదార్థం అది. లిట్మస్ కాగితాలు హైదరాబాదు నుంచి రావాలి. హైదరాబాదు నుంచి అప్పట్లో ఉత్తర్వులు తప్ప ఏవీ సమయానికి వచ్చేవి కావు. అందుకని కాగితాలను పసుపు నీళ్లలో ముంచి నీడన ఆరబెట్టుకునేవాళ్లం. సున్నపు తేట తగిలితే అవి ఎర్రబడతాయి. మందార పూలు ఉడకబెట్టిన నీళ్లు ఆమ్లంలో ఎర్రగా, క్షారంలో ఆకుపచ్చగా మారతాయి. రెండూ నమ్మదగినవే.

ఆగస్టు మొదట్లో తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు గారికి మాత్రం నమ్మకం కుదరలేదు. నా పసుపు కాగితం సున్నం తగిలి ఎర్రబడగానే ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

“పసుపాయె, సున్నమాయె, ఎరుపాయె. ఇది కెమిస్ట్రీ క్లాసా, పేరంటమా?” అన్నారు.

దసరా సెలవుల్లోపు మళ్లీ వస్తాననీ, ఫినాఫ్తలీన్‌తో అనుమాపనం చేసి చూపించాలనీ, లేకపోతే పై తరగతుల్లో సైన్సు ఎత్తేస్తాననీ చెప్పి వెళ్లారు. అనుమాపనం అంటే గాఢత తెలిసిన ఆమ్లాన్ని చుక్క చుక్కగా వదులుతూ, ఏ చుక్కకు రంగు పోయిందో చూసి క్షారం ఎంతుందో లెక్కగట్టడం. సైన్సు ఎత్తేస్తే పిల్లలు నల్లగొండ వెళ్లి చదువుకోవాలి. సైన్సు అసిస్టెంటు ఎక్కడికి వెళ్లాలో ఆయన చెప్పలేదు.

ఫినాఫ్తలీన్ కోసం రాస్తే ‘స్టాకు లేదు’ అని జవాబు వచ్చింది. యాదగిరి నాకంటే ఎక్కువ బెంగపడ్డాడు. “పినతల్లి వచ్చిందా సారు?” అని రోజూ అడిగేవాడు. ఆ పేరు అతని నోట అలాగే పలికేది. పిల్లలూ అదే పట్టుకున్నారు. అప్పుడు నాకు కాలేజీలో విన్న సంగతి గుర్తొచ్చింది. ఈ ఫినాఫ్తలీన్‌నే వైద్యులు మలబద్ధకం పోవడానికి జులాబుగా వాడతారు. అంటే, నేను హైదరాబాదు వైపు చూస్తున్న పదార్థం మా ఊరి దవాఖానలోనే ఉంది.

దవాఖానలో కంపౌండరు నర్సయ్యకు విషయమంతా వివరించాను. అతను ఓపికగా విన్నాడు.

“గవన్నీ నాకెందుకు సారు? సర్కారు మందు రోగమున్నోళ్లకే ఇస్తం. నీకున్నదా, లేదా?”

“ఉంది” అన్నాను.

“ఎప్పటి సంది?”

నా మనసంతా తనిఖీ మీదే ఉండటంతో, “ఆగస్టు నుంచి” అనేశాను.

అది సెప్టెంబరు రెండో వారం. నర్సయ్య చేతిలో సీసా బల్లమీద పెట్టి, నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. “అవ్వ! ఇన్ని దినాలు ఎట్ల బతికినవ్ సారు?” అంటూ రెండు మాత్రలు చేతిలో పెట్టాడు. “వీటితోని కాకుంటే మళ్ల రా. ఎనిమా ఇద్దాం.”

మాత్రలను మెత్తగా నూరి, స్పిరిటులో కరిగించి, వడపోత కాగితంతో వడగట్టాను. పిండిలాంటిది పైన మిగిలి, తేట కిందికి దిగింది. ఏ ఇండికేటరునైనా ముందు ఉత్త నీటిలో పరీక్షించాలి. ఫినాఫ్తలీన్ ఉత్త నీటిలోనూ ఆమ్లంలోనూ రంగు లేకుండా ఉండి, క్షారంలో మాత్రమే గులాబీ రంగు చూపాలి. నాళికలో బావి నీళ్లు పోసి ఒక చుక్క వేశాను. గులాబీ రంగు వచ్చింది. ఇంకో నాళిక తీశాను. అందులోనూ అంతే. మాత్రల్లో ఏ సోడానో కలిపి ఉంటారని తేల్చుకుని, ద్రావణం పారబోశాను.

నర్సయ్య దగ్గరికి మళ్లీ వెళ్లడానికి ఎనిమా అడ్డమొచ్చింది. శనివారం బస్సెక్కి కోదాడ వెళ్లాను. అక్కడి కంపౌండరు మర్యాదస్తుడు. రెండు మాత్రలతోపాటు గ్లాసుతో నీళ్లు కూడా తెచ్చాడు.

“ఒకటి నా ఎదురుగానే మింగండి మాస్టారూ. ఏమీ అనుకోకండి, జనం పట్టుకెళ్లి అమ్ముకుంటున్నారు.”

మింగాను. కోదాడకూ సూర్యాపేటకూ మధ్య బస్సు ఎక్కడెక్కడ ఆగగలదో ఆ మధ్యాహ్నం నాకూ డ్రైవరుకూ బాగా తెలిసింది. మిగిలిన మాత్రతో చేసిన ద్రావణం కూడా ఉత్త నీటిలో గులాబీ రంగుకే తిరిగింది.

ఇక మిగిలింది మిర్యాలగూడ. అక్కడ నేను ఊరి పేరు చెప్పి, ఇంకా నోరు తెరవకముందే కంపౌండరు లేచి నిలబడ్డాడు. నర్సయ్యకు ఇతను స్వయానా బావమరిది.

“ఆగస్టు సారువు నువ్వేనా?” అన్నాడు. లోపలివాళ్లకు వినపడేలా, “ఏయ్, గీడికి రాండ్రి! మా బావ సెప్పిన సారు ఈయననే!” అని కేక కూడా వేశాడు. నలుగురు వచ్చి చూశారు. ఒక ముసలామె నా పొట్ట వైపు చూసి కళ్లు ఒత్తుకుంది. కంపౌండరు లెక్క చూడకుండా గుప్పెడు మాత్రలు పొట్లం కట్టాడు. “మొండి రోగం సారు. జర పైలం.”

మర్నాడు పొట్లంతో బడికి వెళ్లేసరికి, యాదగిరి వరండాలో గొంతుక్కూర్చుని పరీక్ష నాళికలు తోముతున్నాడు. పక్కన కుప్పగా కట్టెల పొయ్యి బూడిద. బూడిద క్షారమని నేనే తొమ్మిదో తరగతికి పాఠం చెప్పాను.

“రోజూ దీంతోనే తోముతవా?” అన్నాను.

“సాబ్ వస్తుండని ఈ నెల సంది తోముతున్న సారు. ఇంట్ల గిన్నెలు సుత ఇట్ల మెరువయి.”

“కడగవా?”

“బట్టతోని తుడుస్త. నీళ్లు పోస్తే మరకలు పడ్తయి గద!”

నాళికలను మొదట నీళ్లతో, తర్వాత పలుచని ఆమ్లంతో, చివర మళ్లీ నీళ్లతో కడిగించాను. కొత్త ద్రావణం చేసి ఉత్త నీటిలో ఒక చుక్క వేశాను. రంగు లేదు. సున్నపు తేటలో వేశాను. పట్టుచీరల కొట్టులో కూడా దొరకని గులాబీ రంగు. మూడు ఊళ్ల మాత్రల్లోనూ ఏ లోపమూ లేదు.

ఇన్‌స్పెక్టరు గారు అన్న మాట ప్రకారం వచ్చారు. గాజు కూజాలో సున్నపు తేట, అందులో రెండు చుక్కల ఇండికేటరు, పైన బ్యూరెట్టులో ఆమ్లం. పిల్లలు ముందుకు వంగారు. ఆమ్లం చుక్క చుక్కగా దిగింది. చివరికి ఒక్క చుక్కతో గులాబీ రంగు మాయమైంది. వెనక బెంచీలోంచి ఎవరో “పినతల్లి పాయె!” అన్నారు. ఇన్‌స్పెక్టరు గారు సీసా ఎత్తి చూశారు.

“స్టాకు లేదన్నరు గదా, ఎక్కడిది?”

సర్కారు మందును అబద్ధమాడి తెచ్చానని చెప్పడమెలాగా అని నేను ఆలోచిస్తుండగా, ప్రధానోపాధ్యాయులు రాఘవరావు గారు అడ్డం వచ్చారు. ఊరంతా విన్నది ఆయనా విన్నారు.

“సారు తినే మందే అది సార్. పాపం, ఆగస్టు సంది బాధపడుతున్నడు. అయినా ఒక్క పీరియడ్ ఎగ్గొట్టలే.”

ఇన్‌స్పెక్టరు గారు నా వైపు చూసిన చూపులో మొదటిసారి ఆదరం కనిపించింది. తరగతి అయ్యాక నన్ను వరండా చివరికి తీసుకెళ్లి గొంతు తగ్గించారు.

“జీపులల్ల తిరిగి తిరిగి నాది కూడా అదే పరేషాన్. గుణం కనబడ్డదా?”

కోదాడ బస్సు గుర్తొచ్చింది. “కనబడింది సార్” అన్నాను. అది మాత్రం అబద్ధం కాదు.

“ఇంక ఉన్నయా?”

పొట్లం ఇచ్చేశాను. ఆయన ఆ పూట డాక్ బంగళాలో బస చేశారు. తనిఖీ పుస్తకం రాయడానికి ఉదయమే రావలసిన మనిషి మర్నాడు మధ్యాహ్నానికి గాని బడికి రాలేదు. వచ్చి, తేలికపడిన ముఖంతో పుస్తకం తెరిచి రాశారు: ‘సైన్సు కొనసాగించవచ్చు. ఇక్కడ తయారైన ఇండికేటరు తృప్తికరంగా పనిచేసింది.’

ద్రావణాన్ని అనుమానించే ముందు నాళికను దేనితో తోమారో అడగాలని ఆ వ్యవహారం నాకు నేర్పింది. తర్వాత ఏ బడికి వేసినా మొదటి రోజు అటెండరును బూడిద సంగతే అడిగేవాణ్ణి. ఏడాది తిరగకముందే నా ఉత్తర్వులోంచి ‘తాత్కాలికం’ అన్న మాట తీసేశారు. ‘ఆగస్టు సారు’ మాత్రం మొదటి నుంచీ పర్మనెంటే.