ఐలేశం పడుగు

పొద్దున్నే లేచి మగ్గం గుంట ఊడ్వడం సోమమ్మకు ఇరవై ఏడేళ్ల అలవాటు. తేలో జెర్రో చేరిందేమోనని చీపురుతో మూలమూలా తట్టి చూసేది. ఆ తర్వాతే భర్త ఐలేశం గుంటలోకి కాళ్లు దించి గొంగడి నేతకు కూర్చునేవాడు. అతను పోయి మూడు నెలలైంది. ఇప్పుడు గుంట మీద చెక్కపలక పరిచి ఉంది. పలక మీద మరిది శివకృష్ణ ప్రయాణానికి కొన్న కొత్త పెట్టె.

రోమ్ నగరంలో ఉన్నిపనుల జాతర ఉందని, వచ్చి గొంగడి నేసి చూపమని ఐలేశానికి పిలుపు వచ్చింది. పాస్‌పోర్టు చేతికందిన వారానికే గుండె ఆగి చనిపోయాడు. ఇంట్లో ఆ పని వచ్చినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా అని జాతర వాళ్లు అడిగితే, నేనున్నానన్నాడు శివకృష్ణ. అచ్చంపేటలో సెల్‌ఫోన్లు అమ్ముకునే శివకృష్ణ. తన పెళ్లికి భుజాన గొంగడి వేసుకుని రావద్దని అన్నకు చెప్పి పంపిన శివకృష్ణ!

ఇప్పుడతను అన్నలాగే గడ్డం పెంచాడు. గొంగడిని కొప్పెరగా మడిచి తల మీదుగా కప్పుకుని, మగ్గం దగ్గర ఫొటోలు దిగాడు. కాళ్లు గుంటలోకి దించాల్సింది పోయి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

ఆదివారం ఆమె అన్నం తింటుండగా మరిదీ అతని పెళ్లామూ వచ్చి ప్రయాణం ముచ్చట మొదలుపెట్టారు.

“బేస్తారం పొద్దుగాల ఫ్లైటు వదినా. దోహాల దిగి, నాలుగు గంటలు కూసోని, ఇంకోటెక్కాలె. కిటికి సీటే పెట్టించుకున్న. రెండువేల ఏండ్ల నాటి గోడలు పైకెళ్లి కనవడ్తయట!”

“గొంగడ్లు వేరే సంచిల పెట్టు. నీ బట్టలకు గొర్ల కంపు అంటుతది,” అంది అతని భార్య స్నేహలత. అంటూనే సీసా తీసి, ఐలేశం నేసిన చివరి గొంగడి మీద బుస్సుబుస్సున సెంటు కొట్టింది. సోమమ్మ కంచం పక్కకు జరిపింది.

“ఏందక్కా, తింటలెవ్వు?”

“సయిస్తలేదు.”

“వదినా, ఆడ మగ్గం వాళ్లే ఇస్తరట. పడుగు మనం కొంచవోవాలె. అన్న జేసింది ఉన్నది గద, దానికి జర గంజి పెట్టియ్యి,” అన్నాడు శివకృష్ణ.

అతను ముందే ఫోన్లో చెప్పాడని పొద్దున్నే ఆమె చింతగింజలు నానబోసింది. వాటిని దంచి, ఉడికించి, ఆ గంజిని కుంచెతో పట్టిస్తేనే పడుగులో నిలువునా సాగే ఉన్ని పోగులకు బిరుసు వస్తుంది. లేకపోతే మగ్గం మీద నాలుగు పోట్లు పడగానే నూగు లేచి తెగిపోతాయి.

“గంజి ఎట్ల వెడ్తరో ఎరుకేనా నీకు?”

“గవన్ని మీ ఆడోళ్ల పనులాయె!”

పడుగుకు ఆ కొసన ఐలేశం, ఈ కొసన తాను నిలబడి కుంచె లాగిన పొద్దులు సోమమ్మ కళ్లముందు తిరిగాయి.

“సరె. ఒక్కటి జెప్పు. గా పడుగు మీ అన్న జేసిండని ఆడ చెప్తవా?”

“పోయినోళ్ల పేరు ఆడెవలికి గావాలె వదినా? నేసేటోన్ని నేను ఎదురుంగ కూసున్నంక!”

“ప్రయాణం ముంగట సచ్చినోళ్ల ముచ్చటేందక్కా, మంచిగుండదు,” అంది స్నేహలత.

సోమమ్మ లేచి చేయి కడుక్కుంది. చేతికీ ఆ సెంటు వాసనే. బూడిద పెట్టి మళ్లీ తోముకుంది.

ప్రయాణానికి ముందు రోజు, బుధవారం సాయంత్రం శివకృష్ణ పెట్టె కోసం వచ్చాడు.

“అయిందా వదినా?”

“పడుగు చుట్టి నీ పెట్టె మీదనే పెట్టిన.”

నేతగాడైతే పట్టుకోగానే వేళ్లు చెప్పేవి. పడుగు గొర్రెపిల్ల ఒంటిలా మెత్తగా ఉంది. అతను మాత్రం ముక్కు మూసుకుని, రెండు వేళ్లతో ఎత్తి ప్లాస్టిక్ కవరులో వేసి, పెట్టెలో కుక్కాడు. ఆ పోగులన్నీ ఆమె వడికినవే. మరిది పేరు మీద గొంగడి కావడంకన్నా అవి అక్కడ తెగిపోవడమే నయమనిపించింది ఆమెకు.

పెట్టె వెళ్లిపోయాక పలక తీసి పక్కన నిలబెట్టింది. గిన్నెలో చింతగింజలు నాలుగు రోజులుగా నాని, పొట్టు పగిలి, పులిసిపోయాయి. రోలు పక్కనే ఉంది. సోమమ్మ గిన్నె దాటుకుని లోపలికి పోయింది.