ఈశాన్యంలో నాచు

మా ఇంట్లో ఎవరు పస్తున్నా పట్టించుకోరు గానీ, చేపలు పస్తుండకూడదు. ఆ చేపల ట్యాంకు నాది. ఇసుక పోసి, మొక్కలు నాటి, గప్పీ చేపల్ని వదిలింది నేనే. పొద్దున తాండూరులో రైలెక్కి, వికారాబాద్‌లో పాఠాలు చెప్పి తిరిగొచ్చాక కాసేపు ఆ ఆకుల మధ్య తిరిగే చేపల్ని చూసుకోవాలని నా ఆశ. అంతకు మించి ఆ ఇంట్లో నాదంటూ ఏమీ లేదు.

నాచు రాకుండా చూసుకోవడం బ్రహ్మవిద్యేమీ కాదు. ట్యాంకుకు ఎండ తగలకూడదు, లైటు కొన్ని గంటలే వెయ్యాలి, మేత చిటికెడే వెయ్యాలి. మా అత్తింట్లో ఈ మూడూ చెల్లవు. వాస్తు చెప్పే పెద్దమనిషి ఒకాయన వచ్చి, "నీళ్లు ఈశాన్యంలనే ఉండాలె, లైటు ఆర్పొద్దు" అంటూ ట్యాంకును తూర్పు కిటికీ పక్కకు జరిపించాడు. ఆయన ఇంటి ఈశాన్యంలో ఏముందో నేను చూశాను. పాత టైర్లు.

ఇక మేత సంగతి. కందుల దుకాణానికి పోయేముందు మామయ్య ఓ గుప్పెడు, పూజయ్యాక అత్తమ్మ ఓ గుప్పెడు, వచ్చిన చుట్టాలు పుణ్యానికి తలా ఇంత. వద్దంటే, "నోరు లేని జీవాలు, ఎట్ల ఊకుంటమే?" అనేది అత్తమ్మ. చెప్పీ చెప్పీ చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. చివరికి మేత డబ్బాను హ్యాండ్‌బ్యాగులో వేసుకుని నాతోపాటే రైల్లో తిప్పాను. వీళ్లు మురుమురాలు వేశారు.

నీళ్లు పచ్చబడ్డాయి. అద్దానికి జిగురు, ఆకులకు బొచ్చు. వాస్తు ఆయన మళ్లీ దిగబడి, "పచ్చగుంటే లక్ష్మి వచ్చినట్టే, ముట్టకుండ్రి" అన్నాడు. అందరూ మురిసిపోయారు. బస్తాలో పుచ్చిన కందిగింజ ఒక్కటున్నా పట్టేసే మామయ్యకు కుళ్లిన నీళ్లు కనబడలేదు. ఒక పొద్దున చూస్తే చేపలన్నీ పైకి తేలి, ఊపిరాడక నోళ్లు తెరుస్తున్నాయి. "ఆకలైతున్నట్టుంది, పాపం" అని అత్తమ్మ ఇంకో గుప్పెడు వేసింది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ రోజు సెలవు పెట్టి సగం నీళ్లు మార్చాను. వెలుతురు తగిలితేనే నాచు పెరుగుతుంది కాబట్టి ట్యాంకు మీద నల్ల గొంగడి కప్పి, "తీసిన్రంటే చేపలు సస్తయి, ఆ పాపం మీకే తగుల్తది" అన్నాను. మా ఇంట్లో సైన్సు చెబితే వినరు, పాపమంటే వింటారు. కొన్నాళ్లకు గొంగడి తీసి చూస్తే నీళ్లు తేటపడ్డాయి, చేపలు బతికాయి. వాస్తు ఆయన వచ్చి, "చూసిన్రా, ఈశాన్యం బలం!" అన్నాడు. ఆయనకు కడుపునిండా అన్నం పెట్టి పంపారు.

మర్నాడు సాయంత్రం ఇంటికొచ్చి బ్యాగు ఇంకా దించలేదు. ముందు గదిలోంచి అత్తమ్మ గొంతు మెత్తగా వినిపించింది. "బిడ్డా, పొద్దుగాల్నుంచి ఏమన్న తిన్నవా?"

పెళ్లయి వచ్చాక ఆ మాట నన్నెవరూ అడగలేదు. బ్యాగుతోనే గడప దాటి లోపలికి వచ్చాను.

"లేదత్తమ్మా" అన్నాను.

ఆమె ట్యాంకు మీంచి ముఖం తిప్పలేదు. వేళ్ల మధ్య మురుమురాలు నలుపుతోంది.