కాగితంలో లేని మాట

పుంగనూరులో పీర్ సాహెబ్ పేరు తెలిసినవాళ్లు కొందరే. ఆయన గొంతు తెలియనివాళ్లు మాత్రం దాదాపు లేరు. మదనపల్లె టమోటా మండీకి సెలవైనా, చౌడేపల్లెలో పశువులకు గాలికుంటు టీకాలు వేస్తున్నా, కుప్పంలో కొత్తగా చీరల అంగడి తెరిచినా ఆటో మీది మైకులోంచి వచ్చేది ఆ గొంతే. చావు కబురు చెప్పేటప్పుడు తడిసేది, చీరల కబురు చెప్పేటప్పుడు హుషారెక్కేది. ప్రతి ప్రకటనా 'ఇట్లు' అని ముగించి, చెప్పించినవాళ్ల పేరు గట్టిగా చదవడం ఆయన పద్ధతి. ముప్పై ఏళ్లలో ఆ మైకులో ఎందరి పేర్లో పలికాయి, ఆయన పేరు తప్ప. మైకు మనిషికి సొంత పేరెందుకప్పా అని ఆయనే నవ్వేవాడు.

ఆయనకొక అలవాటుండేది. ఇచ్చిన కాగితం ఇచ్చినట్టు చదివితే తృప్తిగా ఉండేది కాదు. చివర్లో తనదొక మాట అతికించాల్సిందే. చీరల అంగడికైతే "మీ ఆయన వద్దన్నా ఆగలేరమ్మా" అనేవాడు. టీకాలకైతే "మన పుంగనూరు ఆవు పొట్టిదే గానీ పొగరు పొడుగుదప్పా" అనేవాడు. జనం నవ్వేది ఆ మాటకే, గుర్తుపెట్టుకునేదీ ఆ మాటే. రాసిచ్చినవాళ్లు కూడా అడిగి మరీ చేర్పించుకునేవాళ్లు. దానికి మనిషి కాస్త ఉబ్బిపోయేవాడు, ఉన్నమాట దాచడమెందుకు.

మొన్న చలికాలంలో శివకుమార్ వచ్చాడు. కాలేజీలో పాఠాలు చెప్తాడు, ఊర్లో పదిమందిని కూడగట్టి ఒక సమితి నడుపుతున్నాడు. దేశ ప్రభుత్వ వ్యవహారాల్లో విదేశాలవాళ్లు వేలు పెడుతున్నారని అనుమానాలున్నాయనీ, నిజమేమిటో తేల్చడానికి విచారణ జరపాలనీ మదనపల్లెలో సభ పెట్టుకున్నారు. ఎవరినీ నిందించడం లేదు, నిజం తేల్చమని అడుగుతున్నాం అని కాగితంలో పద్ధతిగానే రాసి ఉంది.

పీర్ సాహెబ్‌కు అది చప్పగా అనిపించింది. ఇంకొకటి కూడా అనిపించింది, దాన్ని ఎవరికీ చెప్పలేదు. తనలాంటి ముస్లిం పేరున్న మనిషి దేశం గురించి మాట్లాడేటప్పుడు పక్కవాడికంటే కొంచెం గట్టిగానే మాట్లాడాలి, లేకపోతే ఎవరేమనుకుంటారో అనే భయం అది. రికార్డింగు గదిలో గొంతు సవరించుకున్నాడు. కాగితమంతా చదివి, చివర్లో అతికించాడు.

"ఢిల్లీ దాకా యాల అప్పా? మన సందుల్లోకే ఫారిన్ సొమ్ము వచ్చి సేరుండాది. కండ్లు తెరిసి సూడండి!"

ఎవరినో మనసులో పెట్టుకుని అన్నది కాదు. నోటికి రుచిగా ఉంది, అన్నాడు. శివకుమార్ విని "భలే సేర్చినావప్పా" అని భుజం తట్టాడు. ఆ రికార్డింగు మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పంలో ఆటోలెక్కి ఊరేగింది.

పుంగనూరు సందుల్లో ఫారిన్ వాళ్లతో సంబంధమున్న ఇల్లు ఒక్కటే, మైమూన్ బీది. కొన్నేళ్ల కిందట పుంగనూరు ఆవుల మీద పరిశోధనకని జర్మనీ నుంచి ఒకావిడ వచ్చి, ఆ మేడ మీద అద్దెకుంది. మైమూన్ బీ చేత్తో రాగి సంగటి తిని, వెళ్లేటప్పుడు ఏడ్చి, జ్ఞాపకంగా కుట్టు మిషన్లు కొనిచ్చి పోయింది. భర్త లేని మైమూన్ బీ వాటిని కింద గదిలో వేసుకుని ఆడపిల్లలకు కుట్టు నేర్పుతోంది. రామసముద్రం నుంచి బస్సెక్కి వచ్చే పిల్లలు కూడా ఉన్నారు. పీర్ సాహెబ్ కూతురు మెహ్రీన్ చేతిలో కత్తెర పట్టింది ఆ గదిలోనే.

మొదటి రోజు ఎవరో నవ్వుతూ "మైమూన్ బీ, నిన్నే అంటాండాడు సూడు" అన్నారు. ఆ నవ్వులాట రెండు వీధులు దాటేసరికి అనుమానమైంది. మిషన్ల పేరుతో డబ్బులు వస్తున్నాయని ఒకరు, ఊరి ఫోటోలు బయటికి పోతున్నాయని ఇంకొకరు అన్నారు. కొందరు గది ముందు నిలబడి వీడియో తీసి, దాని వెనక పీర్ సాహెబ్ గొంతే పెట్టి అందరికీ పంపారు. రామసముద్రం పిల్లల్ని ఇళ్లల్లోవాళ్లు మాన్పించారు. తర్వాత ఊర్లో పిల్లలూ రావడం మానేశారు.

ఆ వీడియో ఆయనకు చూపించింది మెహ్రీన్.

"అబ్బాజాన్, ఇది నీ గొంతే గదా?"

ఆ పూటంతా ఆయన తన నోటిని తనే తిట్టుకున్నాడు. సిగ్గుతో తల ఎత్తలేక, ఎలాగో శివకుమార్ ఇంటికి పోయి, ఆ మాట తప్పని సమితి తరఫున చెప్పిద్దామని అడిగాడు.

"ఆ ఆటోలు ఆపిస్తా. తప్పని మైకులో చెప్తే మాత్రం మా డిమాండే తప్పనుకుంటారు జనం" అన్నాడు శివకుమార్. "అయినా అది మా పేపర్లో లేదు గదా పీర్ సాహెబ్. సేర్చింది నువ్వే గదా?"

భుజం తట్టింది నువ్వు కాదా అని అడగబోయి ఆగిపోయాడు. చేర్చింది తనే.

మరునాడు మైకు బండి నడిపే హనుమంతు ఆటోలో మైమూన్ బీ వీధికి పోయాడు. మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని, గొంతు తగ్గించి, మొన్నటి ప్రకటనలో ఒక మాట పొరపాటున దొర్లింది, పట్టించుకోవద్దు అని గబగబా చెప్పాడు. మాట దానంతటదే దొర్లినట్టు! ఏ మాటో చెప్పలేదు, ఎవరిదో చెప్పలేదు. 'ఇట్లు' అని కూడా అనకుండా మైకు కట్టేశాడు.

మైమూన్ బీ కింద గదిలో మిషన్లకు గోనెపట్టాలు చుడుతోంది.

"ఏంది ఆపా ఇది?" అని సొంత అక్కను అడిగినట్టు అడిగాడు.

"రేపు మధ్యాన్నం కుప్పం నుంచి బండి వస్తాది. అమ్మేస్తాండా."

"నేను చెప్పేసినా ఆపా, పొరపాటని."

ఆమె చేతిలోని తాడు వదిలి ఆయన వైపు తిరిగింది. ఎప్పుడూ ఉర్దూలో పలకరించే మనిషి ఆ రోజు తెలుగులోనే మాట్లాడింది, నువ్వు అన్నదీ తెలుగులోనే కదా అన్నట్టు.

"ఆ పొద్దు నీ గొంతు మా పెరడు దాకా ఇనపడె పీర్ భాయ్. ఈ పొద్దు వాకిట్లో ఉన్నా సరిగా ఇనపడలా. ఆ మాట మూడూర్లలో చెప్పినావే, ఈ మాట నా ఇంటి ముందర మాత్రం యాల?"

ఆయన ఒక మిషన్ మీది గోనెపట్టా విప్పబోయాడు.

"నువ్వు నన్ను అనలేదని నాకు తెల్సు. పేరు పెట్టి అనుంటే బాగుండె, వచ్చి కొట్లాడుంటా. పేరు లేని మాటకు ఎవురితో కొట్లాడేది?" అంది. ఆమె కళ్లు ఆయన చొక్కా మీద పడ్డాయి. "మెహ్రీన్ కుట్టిందేనా? కాలరు బాగా కుదిరుండాది."

తిట్టి ఉంటే తట్టుకునేవాడు. చొక్కా గుండీలు చూసుకుంటూ బయటికొచ్చి, వీధి మొగలో నిలబడి ఏడ్చాడు.

మరునాడు పొద్దున్నే హనుమంతు ఆటో కుప్పం బస్టాండు ముందు ఆగింది.

"నీ మాటే అబద్ధమని నువ్వే చెప్పుకుంటే ఇంగ నీకు పనెవురిస్తారప్పా?" అన్నాడు హనుమంతు.

"మిషన్ల కోసం వచ్చే బండి పుంగనూరికి బయల్దేరకముందే ఈడ చెప్పాల. తర్వాత మదనపల్లె, తర్వాత మా ఊరు" అని మైకు అందుకున్నాడు పీర్ సాహెబ్. చీరల ప్రకటనకు వాడే నిండు గొంతు తీశాడు.

"కుప్పం ప్రజలారా! ప్రభుత్వంలో బయటి దేశాల జోక్యం మీద విచారణ జరపాలని సమితి అడిగింది. అది అడగాల్సిన మాటే. దాని చివర్లో, మన సందుల్లోకి ఫారిన్ సొమ్ము చేరిందని ఒక మాట విన్నారు. ఆ మాట సమితి కాగితంలో లేదు. దానికి ఆధారం లేదు, సాక్ష్యం లేదు. పుంగనూరు మైమూన్ బీ గదిలో ఉండేవి కుట్టు మిషన్లు. నా కూతురు కుట్టు నేర్చుకున్నది ఆ గదిలోనే. ఈ అబద్ధం ఎవరు పుట్టించారో విచారణ చేయాలంటే ఎక్కడికీ పోనక్కర్లేదు."

టీ అంగడి దగ్గర మనుషులు గ్లాసులు పట్టుకుని ఇటు తిరిగారు. తెలిసిన గొంతే కాబట్టి, చివర్లో వచ్చే తమాషా మాట కోసం అప్పుడే నవ్వు సిద్ధం చేసుకున్నారు. ఆయన దేన్నీ అతికించలేదు.

"ఇట్లు" అన్నాడు.

ఆ తర్వాత ఎవరి పేరైనా ముప్పై ఏళ్లుగా తడుముకోకుండా వచ్చేది. ఆయన చొక్కా కాలరు సర్దుకుని, ఊపిరి పీల్చుకున్నాడు.

"పీర్ సాహెబ్."