తిమ్మిరికి ఇంగ్లిష్ ఏంది?

నా చిన్నప్పుడు అని ఎప్పుడైనా మొదలుపెడితే మా అమ్మ నవ్వుతుంది. "పాతికేళ్లు నిండలే, నీకప్పుడే చిన్నప్పుడేందే?" అంటుంది. నవ్వితే నవ్వనీ. తెలుగు సినిమాల్లో మాటలకు తెర కింద ఇంగ్లిష్ పడుతుంది కదా, అది రాయడం నా ఉద్యోగం. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు "అక్కా, 'అలక'ని ఇంగ్లిష్‌లో ఏమంటారు?" అని నా కుర్చీ దగ్గరికి వస్తుంటారు. వాళ్లకు నేను చెప్పే ముచ్చట ఇది.

ఏడో తరగతి అయిపోయిన ఎండాకాలం సెలవుల్లో హైదరాబాద్ నుంచి దుమ్ముగూడెంలోని మా పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. అమ్మ పాత ఫోన్ నా సొంతమైన మొదటి సెలవులవి. అందులో ఒక డిక్షనరీ ఉండేది. ఎవరు ఏ మాట అన్నా టకటకా కొట్టి దాని ఇంగ్లిష్ చదివి వినిపించేదాన్ని. పెద్దమ్మ మురిసిపోయి వాకిట్లోకి వచ్చిన వాళ్లందరికీ "మా పోరి ఇంగ్లిష్ గడగడ మాట్లాడతది" అని చెప్పేది. చిక్కల్లా ఒక్కటే. నెట్ లేకపోతే ఆ డిక్షనరీ పలకదు, ఆ ఊళ్లో నెట్ గోదావరి గట్టు ఎక్కితే తప్ప రాదు. దాంతో సగం రోజు గట్టు మీద, సగం రోజు కోపంలో ఉండేదాన్ని.

పెద్దమ్మ వాళ్ల పక్కింటి అక్క నర్సు. అడవి లోపలి గూడేలకు స్కూటీ మీద తిరుగుతూ టీకాలు వేసేది. తను పుట్టింది కూడా అలాంటి ఒక కోయ గూడెంలోనే. ఒకరోజు పొద్దున్నే హడావిడిగా మా ఇంటికి వచ్చింది. ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ గూడెం బడిలో జనాన్ని చూస్తోందట. ఆమెకు తెలుగు మాటలు ఇంగ్లిష్‌లో చెప్పాల్సిన డాక్టరు అర్జెంటు కేసు వచ్చి భద్రాచలంలోనే ఆగిపోయాడట. "నాకు మందుల పేర్లయితే వస్తయ్ గని, ఆమెతోటి మాట్లాడాలంటే నోరు తిరుగుతలేదు వదినా. పోరిని పంపు" అంది. నేను చెప్పులు వేసుకునే లోపే పెద్దమ్మ ఒప్పేసుకుంది.

బడి వరండాలో మా ముగ్గురి వరస ఇలా ఉండేది. వచ్చినవాళ్లు కోయలో చెబుతారు, అక్క దాన్ని తెలుగులో నాకు చెబుతుంది, నేను ఇంగ్లిష్‌లో డాక్టరమ్మకు చెబుతాను. జ్వరం, దగ్గు, విరేచనాలు బాగానే గడిచిపోయాయి. నొప్పుల దగ్గరికి వచ్చేసరికి బండి మొరాయించింది. అక్క ఒకరికి సలుపు అంటుంది, ఒకరికి పోటు అంటుంది, ఒకరికి పీకుతోంది అంటుంది, ఇంకొకరికి నరం గుంజుతోంది అంటుంది. నా దగ్గర ఉన్నది ఒకటే మాట, పెయిన్. అన్నింటికీ అదే పెయిన్ చెప్పాను, అందరికీ అవే గోళీలు అందాయి. పని చకచకా సాగుతోందని నాకు గర్వంగా కూడా ఉంది.

అప్పుడు ఒక అవ్వ వచ్చి కూర్చుంది. తునికాకు కోతల రోజులవి. బీడీలు చుట్టే ఆ ఆకు కోసి కట్టలు కడితేనే ఆ ఇళ్లల్లో నాలుగు డబ్బులు. ఆ కోతలు కొద్ది రోజులే ఉంటాయి. అవ్వకు కాలు బాగుచేయించుకుని మర్నాడు మళ్లీ అడవికి పోవాలని ఉంది. కాలు చూపించి ఏదో చెప్పింది. అక్క నాతో "తిమ్మిరంటాంది. కాలు మొద్దుబారిందంట" అంది. ఫోన్ తీశాను. నెట్ లేదు. చేయి పైకెత్తి చూశాను, అయినా లేదు. ఇక చేసేది లేక డాక్టరమ్మతో 'లెగ్ పెయిన్' అనేశాను. ఆమె గోళీలు ఇచ్చి, వెనక ఉన్న మనిషిని రమ్మని సైగ చేసింది.

అవ్వ లేవలేదు. గోళీలు చేతిలో పట్టుకుని అక్కతో మళ్లీ చెప్పింది. అక్క నా వైపు తిరిగింది.

"నొప్పి లేదంటాంది. నువ్వేం చెప్పినవే?"

"నొప్పనే చెప్పిన! తిమ్మిరికి ఇంగ్లిష్ లేదు, నెట్ లేదు, నన్నేం చేయమంటవ్?" అని అరిచి ఫోన్‌ని బెంచీ మీద విసిరికొట్టాను.

వరసలో ఎవరో పెద్దాయన "హైదరాబాదు పిల్లకు కోపం ముక్కు మీదనే ఉన్నదిరా అయ్యా" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

అక్క తిట్టలేదు. డాక్టరమ్మకు చాయ్ గ్లాసు చూపించి కాసేపు ఆగమంది. అవ్వను ఎటూ పోనివ్వకుండా గోడ పక్కన కూర్చోబెట్టింది. తర్వాత నన్ను కింద ఒక కాలు మడిచి కూర్చోమని, నిద్రపోతున్న ఒక చంటోణ్ణి తెచ్చి నా తొడ మీద పడుకోబెట్టింది. "వాళ్లమ్మ సూది వేయించుకోవాలె. కదలకు. కదిలితే లేస్తడు, లేస్తే వాణ్ని ఆపుడు నా తరం కాదు" అంది. కోపం కోపమే, చంటోడు చంటోడే. ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. అక్క చాయ్ తాగింది, గ్లాసులు కడిగింది, వాళ్లతో వీళ్లతో మాట్లాడింది. ఎంతకీ రాదు. చివరికి వచ్చి పిల్లాణ్ణి తీసుకుని "ఇగ లే" అంది.

లేచాను, పడ్డాను.

"ఏమైంది?"

"కాలు లేదక్కా! నేల మీద పెట్టిననో లేదో తెలుస్తలేదు."

అక్క నా బొటనవేలు గట్టిగా గిల్లింది. "తెలిసిందా?"

"లేదు. ఎవరి కాలో గిల్లినట్టుంది."

"గదే చెప్పు. మాట ఎతుక్కోకు. ఇప్పుడు నాతోటి ఏం చెప్పినవో గది ఇంగ్లిష్‌ల చెప్పు. ఇంకొక్కటి కూడ చెప్పు. నీది ఇంత నడిస్తే పోతది. అవ్వది శివరాత్రి కాడి నుంచి పోతలేదు."

అప్పటికే నా కాల్లో చీమలు పాకడం మొదలైంది. కుంటుకుంటూ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. నాకొచ్చిన ముక్కలు ముక్కల ఇంగ్లిష్‌లోనే, అవ్వకు తన కాలు తనది కానట్టుంది, నేల మీద ఆనిందో లేదో తెలియదు, పొద్దున లేచినా అంతే, పడుకున్నా అంతే, అని చెప్పాను. చాలని చోట నా కాలే చూపించాను.

డాక్టరమ్మ చాయ్ గ్లాసు పక్కన పెట్టేసింది. వచ్చి అవ్వ ముందు నేల మీద మోకాళ్లు వేసి కూర్చుంది. అవ్వను కళ్లు మూసుకోమని, దూది ఎక్కడ తగిలితే అక్కడ చెప్పమంది. పాదం పైన తాకించింది, వేళ్ల మీద, అరికాలి మీద. అవ్వ కళ్లు గట్టిగా మూసుకుని, ఎంతో శ్రద్ధగా కాచుకుని ఉంది. కాసేపటికి ఏదో అడిగింది. అక్క నవ్వబోయి ఆగిపోయింది.

"ఇంకా మొదలువెట్టలేదా అంటాంది."

ఎవరూ నవ్వలేదు. డాక్టరమ్మ మడమ పైకెత్తి చూసింది. లోపల విరిగిన ముల్లు, చుట్టూ చీము. ఆ ముల్లు మీదనే అవ్వ రోజూ అడవికి పోయి వస్తోంది. వేలి నుంచి చుక్క రక్తం తీసి చూస్తే షుగర్ బాగా ఎక్కువగా ఉంది. ఇంకొన్నాళ్లు అలాగే నడిస్తే పాదం తీసేయాల్సి వచ్చేదని డాక్టరమ్మ అంది. ఆ మాట ఆమె నుంచి నాకు, నా నుంచి అక్కకు, అక్క నుంచి అవ్వకు వెనక్కి నడిచింది. ముందు అవ్వ వినలేదు. ఆకు ఎవరు కోస్తారని గొడవ పెట్టుకుంది. అక్క ఎంతో సేపు పక్కన కూర్చుని నచ్చజెప్పాక, ఆ సాయంత్రమే వాళ్ల జీపులో భద్రాచలం దవాఖానాకు వెళ్లింది.

మరుసటి ఎండాకాలం అక్కతో సంతకు వెళ్లినప్పుడు ఆ అవ్వను చూశాను. రెండు కాళ్ల మీదా నిలబడి, కాళ్లకు రబ్బరు చెప్పులు వేసుకుని, వాటి పట్టీలు కరుస్తున్నాయని చెప్పులవాడితో తగువు పడుతోంది. చెప్పు కరవడం ఆమెకు తెలుస్తోందని అక్క సంబరపడింది.

తిమ్మిరికి ఇంగ్లిష్‌లో మాట లేకపోలేదు. హైదరాబాద్ వెళ్లగానే వెతికి పట్టుకున్నాను. కానీ ఆ రోజు నెట్ ఉండి, ఆ ఒక్క మాట చదివి వినిపించి ఉంటే డాక్టరమ్మ చాయ్ గ్లాసు పక్కన పెట్టి ఉండేదా అని ఇప్పటికీ అనుకుంటాను.

నా కోపం తగ్గలేదు, ఫోన్ చేతిలోంచి దిగలేదు. అయితే పని దగ్గర మాత్రం, 'అలక' లాంటి మాట వచ్చినప్పుడు ఫోన్ బోర్లా పెట్టేస్తాను. ఎవరి మీద అలిగాను, ఎవరొచ్చి బతిమాలాలని తలుపు వైపు చూశాను, అన్నది ముందు గుర్తుచేసుకుంటాను. ఆ తర్వాతే ఇంగ్లిష్. తొందరపడి ఫోన్ ఇచ్చిన మాటను అలాగే అతికించిన రోజున, ఎక్కడో తెర ముందు మన భాష తెలియని మనిషి ఒకరు నా కళ్లకు కడతారు. ఆ అవ్వలాగే శ్రద్ధగా కాచుకుని కూర్చుని, ఇంకా మొదలుపెట్టలేదా అని అడుగుతుంటారు.