దండులో అమావాస్య ఎప్పుడు?

కబ్బన్‌పేట మగ్గాల వీధిలో రామాంజినప్ప అంతటి ఇంగ్లీషువాడు లేడు. ఈ మాట ఎవరన్నారంటే, రామాంజినప్పే అన్నాడు. బడి మధ్యలో ఎందుకు మానేశావని అడిగితే, "అయ్యవారి దగ్గిర ఇంగ్లీషు అయిపోయిందప్పా. ఇంకా కావాలంటే మదరాసు నుంచి తెప్పియ్యాలన్నాడు. అంత దూరం నుంచి ఎందుకులే అని నేనే వచ్చేసినా" అనేవాడు.

యుద్ధం రోజులవి. ఊరంతా దండు అని పిలిచే కంటోన్మెంటులో, సోల్జర్లు తాగే టీ దుకాణంలో కప్పులు అందించడం అతని పని. అక్కడొక కర్నలు కుక్క తన ఇంగ్లీషు విన్నాక కర్నలు పిలిస్తే పలకడం మానేసిందని వీధంతా చెప్పుకున్నాడు. కుక్క వచ్చి కాదనలేదు గనక అందరూ ఒప్పుకున్నారు.

సాయంత్రాలు అదే వీధిలో ఉండే అక్కయమ్మ ఇంటి ముందు జగలి అరుగు మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఇంగ్లీషు మాటలకు అర్థాలు చెప్పేవాడు. మన వీధిలో కనబడని అర్థం అర్థమే కాదన్నది అతని పద్ధతి. "బ్రేక్‌ఫాస్ట్ అంటే పొద్దున మీయమ్మ పోసే రాగి అంబలి. ఆఫీసర్ అంటే మగ్గం తొక్కకుండా నేతలో తప్పులు పట్టేవాడు, మీ తాత మాదిరి."

"హాలిడే అంటే ఏంది మామా?" అని ఒకనాడు పిల్లమ్మ అడిగింది.

ఆ పిల్ల నేతగాడు అశ్వత్థప్ప కూతురు. దండులో దొరసానమ్మ నడిపే బడిలో చేరాలని దాని ఆశ. చేర్చుకునే ముందు అక్కడ నాలుగు ఇంగ్లీషు మాటలకు అర్థాలడుగుతారు. చెప్పలేకపోతే ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుట్టడమే గతి అని తండ్రి ముందే తేల్చేశాడు.

"హాలిడేనా? అమావాస్య!" అన్నాడు రామాంజినప్ప, తడుముకోకుండా.

ఆ వీధిలో అది అబద్ధమేమీ కాదు. మగ్గం ఆగేది అమావాస్యనాడే. మగ్గానికి పసుపూ కుంకుమా పెట్టి, టెంకాయ కొట్టి, మగవాళ్ళు తలంటుకుని పడుకుంటారు. ఆదివారమైతే మగ్గాలు టకటకమంటూనే ఉంటాయి.

పరీక్షనాడు పిల్లమ్మను తనే తీసుకుపోయాడు. దొరసానమ్మ కడప వైపు చాలా ఏళ్ళు పనిచేసి వచ్చిందట, తెలుగు బాగానే మాట్లాడింది. రామాంజినప్ప గోడవారన నిలబడ్డాడు. అతని ఇంగ్లీషు మాత్రం గేటు బయటే ఉండిపోయింది. పాలు, కిటికీ, సూది అన్నీ పిల్ల గడగడ చెప్పేసింది.

"హాలిడే అంటే?"

"రాత్రి చంద్రుడు రాని రోజు. మా నాయన మగ్గం తొక్కడు."

దొరసానమ్మ కలం కింద పెట్టింది. "కాదు పాపా. ఆదివారం హాలిడే. ఆ రోజు బడి ఉండదు."

"ఎందుకుండదు? ఆదివారం చంద్రుడు వస్తాడు కదా?"

"దేవుడు ఆరు రోజులు పనిచేసి ఏడో రోజు విశ్రాంతి తీసుకున్నాడు. అందుకు."

పిల్లమ్మ కాస్త ఆలోచించింది. "మీ దేవుడిది పట్టు మగ్గమా అమ్మా, నూలు మగ్గమా?"

చేతిగుడ్డ అడ్డం పెట్టుకున్న దొరసానమ్మ నవ్విందో దగ్గిందో తెలియలేదు. "ఈమెకు ఎవరు నేర్పారు?" అని అడిగింది. రామాంజినప్ప గోడవైపు చూశాడు. గోడ నోరు విప్పలేదు.

"నేనే, మేడం."

"సోమవారం తీసుకురండి. ఆ రోజు రాకపోతే చోటు ఉండదు" అని లేచి లోపలికి వెళ్ళిపోయింది.

తీసుకురమ్మంటే చేర్చుకున్నట్టా? మళ్ళీ పరీక్షా? లేక తనకే పరీక్షా? దారి పొడుగునా తల బద్దలుకొట్టుకున్నాడు. వీధిలోకి రాగానే మాత్రం, "నన్ను చూసి దొరసానమ్మ లేచి నిలబడింది. కావాలంటే పిల్లనడగండి" అన్నాడు. లేచిన మాట నిజమే మరి.

తీరా చూస్తే ఆ సోమవారం అమావాస్య.

పొద్దున్నే వెళ్ళేసరికి అశ్వత్థప్ప తలంటుకుని మగ్గానికి బొట్టు పెడుతున్నాడు. "అమావాస్యనాడు పిల్లను బడికేస్తారా ఎవరన్నా? బుద్ధుండాదా నీకు? పైగా హాలిడే అని నువ్వే కదప్పా చెప్పినావు!"

పిల్లమ్మ జడ వేసుకుని, గడప లోపల నిలబడి, ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. రామాంజినప్ప బుర్రలో అమావాస్యా ఆదివారమూ దేవుడూ చంద్రుడూ చిక్కుపడ్డ నూలైపోయారు. నోరొక్కటే ఆగలేదు.

"అన్నా, హాలిడే అంటే అమావాస్యే. నా మాట మాటే. దండులో హాలిడే ఎప్పుడు? నిన్న. అంటే దండులో అమావాస్య నిన్ననే అయిపోయింది."

"దండుకు వేరే చంద్రుడుండాడా?"

"వాళ్ళ రాజ్యంలో సూర్యుడే మునగడంట. ఇంక చంద్రుడి లెక్కేంది?"

అశ్వత్థప్ప కుంకుమ వేలితోనే తల గోక్కున్నాడు. "అయితే ఈ పొద్దు అక్కడ పాడ్యమా? పాడ్యమి కూడా మంచిది కాదే!"

"ఇంకా పాడ్యమేంది? విదియ వచ్చేసుంటాది. తొందర జనమన్నా వాళ్ళు."

"మరి రాహుకాలం?"

"అది మన వీధిది. ఊరికీ దండుకూ నడుమ కబ్బన్ పార్కు దాటి రాదు."

"ఏమోనప్పా! నువ్వు చెప్పింది ఒక్క ముక్క అర్థం కాలేదు. కాదనేదానికీ మాట దొరకలేదు. బిరబిరా పిలుచుకుని పో, మళ్ళా అక్కడ తిథి మారిపోతాది."

బడి దగ్గర దొరసానమ్మ ఎదురొచ్చి పిల్లమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. తలుపు మూసుకుంది. చేర్చుకున్నట్టేనా? అడుగుదామంటే ఇంగ్లీషులో మాట కుదరలేదు, తెలుగులో అడిగితే పరువు పోతుంది. అక్కడే నిలబడ్డాడు. టీ దుకాణం వేళ దాటిపోయింది. కాసేపటికి లోపల పిల్లలు వారాల పేర్లు వల్లించడం మొదలుపెట్టారు. అందరికంటే ఒక అడుగు వెనకగా, అందరికంటే గట్టిగా, కబ్బన్‌పేట యాసలో ఒక గొంతు వినబడింది.

రామాంజినప్ప రొమ్ము విరుచుకుని దుకాణం వైపు కదిలాడు. నాలుగడుగులు వేశాక ఆగిపోయాడు. దండులో ఈరోజు పని రోజు. వీధిలో హాలిడే. మరి సాయంత్రం జగలి మీద పాఠం ఉన్నట్టా, లేనట్టా?

ఎటు తిప్పి చూసినా తేలలేదు.