మక్కబెండ్ల గోడ

ఆ రోజుల్లో నేను ఎవరింటికి వెళ్లినా ముందు మనుషుల మొహాలు కాదు, గోడలు చూసేదాన్ని. డిగ్రీ అయిపోయి, ఖమ్మంలో ఒక రంగుల కొట్లో బిల్లులు కొట్టే పనిలో కొత్తగా చేరాను. చేసేది బిల్లులే అయినా, షేడ్ కార్డులు తిప్పీ తిప్పీ, పెయింటర్ల మాటలు వినీ వినీ గోడల శాస్త్రం మొత్తం నాకు వచ్చేసిందని గట్టి నమ్మకం కుదిరిపోయింది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు నాకు ‘ఔట్‌డేటెడ్’ అనే మాట ఒకటి దొరికింది. కనిపించిన ప్రతి గోడనూ ఆ మాటతో కొట్టేదాన్ని. (మా హాస్టల్ గోడను కూడా వదల్లేదు. ఓనరమ్మ ఓపిగ్గా విని, కొత్త రంగు వేయిస్తే కిరాయి పెరుగుతుందని చెప్పింది. ఆ తర్వాత ఆ గోడ నాకు బాగానే కనిపించింది.)

ఇంత చదువుకున్న నాకు మా సొంతింట్లోనే ఒక తలవంపుల గోడ ఉంది. కారేపల్లి దాటి, అడవి మొదలయ్యే చోట, రోడ్డు పక్కన మాది రెండు గదుల ఇల్లు. నాన్న లారీ డ్రైవరు. నేను బడికి వెళ్లే రోజుల్లో ఒకసారి ఖమ్మంలో ఏదో షావుకారి ఇంట్లో లోడు దించుతూ హాల్లో గరుకు డిజైను గోడ చూశాడు. అంతే, ఆ గోడ ఆయన బుర్రలోకి దూరి కూర్చుంది. దానికి పట్నం నుంచి వేరే రోలరు తేవాలని మేస్త్రీ అంటే, “రోలరెందుకు, మక్కబెండ్లు లేవా?” అని గింజలు ఒలిచేసిన మక్కకంకుల బెండ్లు సంచీడు పట్టుకొచ్చాడు. హాల్లో రోడ్డు వైపు గోడకు పచ్చి సిమెంటు పూయించి, దాని మీద ఆ బెండ్లను చపాతీ కర్రలా దొర్లించాడు. గోడంతా గుంటలూ మొటిమలూ లేచాయి. ఎండాక చిలకాకుపచ్చ రంగు కొట్టి, ఒక్కో మొటిమ మీద వేలితో బంగారు రంగు అద్దాడు. (నేను కూడా అద్దాను. అప్పటికి నాకు ఇంకా శాస్త్రం రాలేదు.)

ఆ తర్వాత మా ఇంటికొచ్చిన చుట్టాలకు మంచినీళ్ల కంటే ముందు గోడ అందేది. “చెయ్యి పెట్టి సూడుండ్రి, ఖమ్మంల గూడ గిట్లుండదు” అని నాన్న వాళ్ల చేతులు పట్టుకుని మరీ గోడకు ఆనించేవాడు. అమ్మకు మాత్రం ఆ గోడంటే ఒళ్లుమంట. దుమ్మంతా ఆ గుంటల్లోనే చేరేది. ప్రతి క్రిస్మస్ ముందూ స్టూలెక్కి, పాత టూత్‌బ్రష్షుతో గుంట గుంటా తోమేది. “నీ గోడ పాడుగాను! సంసారం జేస్తున్ననా, గోడకు పండ్లు తోముతున్ననా?” అని కింద నిలబడ్డ నాన్న మీద అరిచేది. “మంచిగ తోమవే, పండుగనాడు నవ్వాలె గద” అనేవాడు నాన్న.

ఒక వానాకాలం పొద్దున లారీ దగ్గరికని బయల్దేరిన నాన్న వాకిట్లోనే గుండె పట్టుకుని కూలిపోయాడు. దవాఖానాకు తీసుకెళ్లేలోపే అంతా అయిపోయింది. నేను ఖమ్మంలో, అమ్మ ఆ ఇంట్లో ఒక్కతే. కారేపల్లిలోని ఆడపిల్లల హాస్టల్లో ఆయా పని ముగించుకుని ఇంటికొచ్చి, తాళం తీయకుండా పొద్దుపోయేదాకా వాకిట్లోనే కూర్చునేదట. “ఇల్లు మింగనీకొస్తున్నది బిడ్డా, నన్నిక్కడ ఉంచకు” అని ఫోన్లో ఏడ్చింది. ఇల్లు అమ్మేసి ఖమ్మంలో ఇద్దరం కలిసి ఉందామని నిశ్చయించుకున్నాం. అమ్మ వాళ్లన్న, మా బేరాల మామ (గొర్రె నుంచి పొలం దాకా ఆయన చెయ్యి పడకుండా ఆ చుట్టుపక్కల ఏదీ అమ్ముడుపోదు), ఆ పని నెత్తికెత్తుకున్నాడు.

ఎత్తుకున్నాడు గాని ఇల్లు కదల్లేదు. మొదట వచ్చిన జంటలో ఆవిడ గోడ చూసి, “ఏందిది, గోడకు అమ్మవారు పోసిందా?” అంది. ఇన్నేళ్లూ ఆ గోడను తిట్టని రోజు లేని మా అమ్మ, “నచ్చకుంటే పోండ్రి, గోడనంటరేంది?” అని లేచింది. తర్వాత వచ్చినవాళ్ల పిల్లాడు మోచెయ్యి గీరుకుని ఊరంతా వినేట్టు ఏడ్చాడు. మామ నెత్తి పట్టుకుని, “చెల్లె, ఇల్లు మంచిగనే ఉన్నది. గా గోడే అడ్డంపడ్తున్నది” అన్నాడు. నేను ఇలాంటి సమయం కోసమే కదా కాచుకున్నది! గోడ ఔట్‌డేటెడ్ అనీ, గీకేసి పుట్టీ పెట్టి లేత రంగు కొడితే వారంలో ఇల్లు పోతుందనీ ఉపన్యాసం ఇచ్చాను. అమ్మ గోడ గుంటలోని దుమ్మును వేలితో తీసింది. “అవ్, తియ్ బిడ్డా. నాకెప్పుడు నచ్చింది గనక” అంది.

ఆదివారం చర్చి నుంచి రాగానే కొంగులు బిగించాం. గీకడానికి గోకుడు బిళ్లలూ గరుకు కాగితాలూ కొట్లో నుంచి నేనే తెచ్చాను. నాన్న సిమెంటు కలపడంలో కూడా చేతికి ఎముక లేని మనిషని అప్పుడు తెలిసింది. మొటిమ ఒక్కటి రాలితే అరచేతిలో బొబ్బ ఒకటి లేచేది. అమ్మ చెంబుతో నీళ్లు కొట్టడం, నేను గీకడం, ఇద్దరం కలిసి దగ్గడం. మధ్యాహ్నానికి జుట్టూ కనురెప్పలతో సహా తెల్లబడిపోయాం. తోడుపెట్టడానికి ఇంత పెరుగు కావాలని పక్కింటి పెద్దమ్మ గిన్నె పట్టుకుని వచ్చి తలుపు కొట్టింది. తీసిన మమ్మల్ని చూసి “యేసయ్యా!” అని కేకవేసి, గిన్నె అక్కడే పడేసి పరుగెత్తింది. అమ్మ గోడకు చేరబడి పొట్ట పట్టుకుని నవ్వింది. నాన్న పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది, దుమ్ము పడిందని చెప్పి కళ్లు తుడుచుకున్నాను.

అలా గీక్కుంటూ గీక్కుంటూ కిటికీ పక్కకు చేరాం. అక్కడ నా చెయ్యి ఆగింది. చాటంత మేర గీకడానికి మొటిమలే లేవు. అవి ఎప్పుడో అరిగిపోయి గోడ పచ్చగా, నున్నగా ఉంది. నాన్న డ్యూటీ దిగి రాగానే చొక్కా విప్పి, అక్కడ ఆనుకుని, హాయిగా కళ్లు మూసుకుని వీపు రుద్దుకునేవాడు. “మనిషివా, బర్రెవా?” అని అమ్మ వంటింట్లోంచి తిట్టేది. అమ్మ ఇప్పుడు ఆ చోట అరచెయ్యి పెట్టింది. తర్వాత వెనక్కి తిరిగి తన వీపు ఆనించింది. పొట్టి మనిషి, ఆమె తల నాన్న భుజాలుండే చోటికే వచ్చింది.

“ఇది ఉండనియ్ బిడ్డా.”

“అంత నున్నగ జేసి గిదొక్కటి ఉంచితే పచ్చ మచ్చలెక్క కనిపిస్తదమ్మా.”

“కనిపియ్యనీ. ఇల్లు మొత్తం ఇస్తున్న గద, గింత ఉంచుకుంటే ఏంబోయింది?”

అమ్మేసిన ఇంట్లో గింత ఎలా ఉంచుకుంటామో ఎంత వెతికినా నా శాస్త్రంలో దొరకలేదు. సరిగ్గా అప్పుడే మామ ఒకాయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన మా అవతారాల వైపు గానీ గోడ వైపు గానీ చూడలేదు. వెనక్కి తిరిగి రోడ్డును చూశాడు, పోయే ట్రాక్టర్లను చూశాడు, తృప్తిగా తలూపాడు. “ఎరువుల దుకాణానికి మంచిగుంటది. గీ గోడ తీసేసి షట్టర్ బెట్టిస్త” అన్నాడు. అప్పుడు మమ్మల్ని చూసి జాలిపడి, “మీరెందుకు తిప్పలబడ్డరమ్మా? గునపాలు దెస్తే ఒక్క పూటల పడిపోయేదానికి?” అన్నాడు. మామ నాకు నోరెత్తొద్దని కళ్లతో సైగ చేసి, బేరం చల్లారకముందే ఆయన్ని చాయ్ తాగడానికి తీసుకుపోయాడు.

బొబ్బలెక్కిన నా చేతులు చూసుకుంటే నాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. అమ్మ మాత్రం గోడ దగ్గర్నించి ఇవతలికొచ్చి, నా ముందు చెయ్యి చాపింది.

“బిళ్ల ఇటు తే.”

“ఇంకెందుకమ్మా? ఎట్లయిన పడగొడ్తరు గద.”

“గందుకే. మీ నాన్న వీపు ఆనిన తావుల పరాయోడు గునపమేస్తడా? నేనే తీస్త.”

నన్ను దగ్గరికి రానివ్వలేదు. చెంబుతో కొట్టకుండా వేళ్లతో నీళ్లు చిలకరించింది. అది మెత్తబడేదాకా ఆగి, నొప్పెడుతుందేమో అన్నట్టు మెల్లగా గీకింది. చిలకాకుపచ్చ పొడి ఆమె పాదాల మీద రాలింది. అమ్మ ఏడవలేదు. ఆ పూట ఏడవడానికి నేనున్నాను.

ఇప్పుడు ఆ రంగుల కొట్టు మంచీ చెడూ చూసేది నేనే. గరుకు గోడలు మళ్లీ ఫ్యాషనయ్యాయి, వాటికి రకరకాల పేర్లు పెట్టి నేనే అమ్ముతున్నాను. అప్పుడప్పుడూ ఎవరో ఒకరు వచ్చి, “ఇల్లు అమ్ముతున్నం మేడం, పాత గరుకు గోడ ఉంచాల్నా, తియ్యాల్నా?” అని అడుగుతారు. ఆ బిల్లులు కొట్టే పిల్లయితే వాళ్లను కూర్చోబెట్టి గంటసేపు పాఠం చెప్పేది. నాకు ఆ పిల్ల మీద నవ్వొస్తుంది, ముద్దూ వస్తుంది. నేను మాత్రం తీయాలనుకుంటే మనుషుల్ని పెట్టకుండా ఇంట్లోవాళ్లనే తియ్యమనీ, నీళ్లు చిలకరించి మెల్లగా గీకమనీ చెబుతాను. దుమ్ము లేవకుండా ఉండడానికి కాబోలనుకుని వాళ్లు తలూపి వెళ్లిపోతారు.