మెట్ల దగ్గర పట్టుకున్న చెయ్యి

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, ఈ పత్రిక చదివే మీలో చాలామంది జనగామ కూడికల్లో నా సాక్ష్యం విని ఉంటారు. చావు అంచుదాకా పోయాననీ, పెద్ద డాక్టర్లు చేతులెత్తేశారనీ, ఇంటివాళ్లు పాడెకు వెదురు కూడా తెచ్చుకున్నారనీ, శవంలా పడి ఉన్న ఈ ఏసోబు దేవుని శక్తితో లేచి కూర్చుని గంజి అడిగాడనీ చెప్పాను, మీరు చప్పట్లు కొట్టారు. జనగామలో చెప్పినప్పుడు ఒక్క రోజే పడి ఉన్నాను, మహబూబాబాద్‌లో రెండు రోజులయ్యాయి, భూపాలపల్లికి వచ్చేసరికి నాలుగు రోజులు, దేవుడు దయతలచి నన్ను అక్కడితో ఆపాడు గాని ఇంకో రెండు ఊళ్లు తిరిగి ఉంటే వారం దాటేది. సహోదరులారా, నాకు వచ్చింది కడుపులో గ్యాసు. డాక్టరు మిర్చి బజ్జీలు మానెయ్యమన్నాడు, అంతే. ఇన్నేళ్లూ మిమ్మల్ని నమ్మించినందుకు క్షమించండి.

అయితే నాకు జబ్బే లేదని కాదు. ఉంది, అది ప్రాణం తీసే జబ్బే, కాకపోతే తీసేది నా ప్రాణం కాదు, పక్కవాళ్లది. దానినుంచి దేవుడు నన్ను ఎలా విడిపించాడో ఇప్పటిదాకా ఏ వేదిక మీదా చెప్పలేదు, ఎందుకంటే ఆ కథలో నేను పెద్దవాడిగా కనపడను.

మాది దంతాలపల్లి. మా సంఘంలో ప్రార్థన మనవుల నోటుబుక్కు ఇరవై ఏళ్లుగా నా చేతిలోనే ఉంది. ఎవరికి కష్టం వచ్చినా చీటీ రాసి ఇస్తారు, నేను ఆ పేరు నోటుబుక్కులో ఎక్కిస్తాను, ప్రతి ఆదివారం మైకు ముందు నిలబడి పేరు పేరునా ప్రార్థిస్తాను. జవాబు వచ్చినవాళ్లు లేచి స్తోత్రం చెబితే ఆ పేరు కొట్టేస్తాను. జవాబు రాని పేరు అలాగే ఉంటుంది, ఎందుకు రాలేదో, ఆ మనిషి ఎలా ఉన్నాడో ఎన్నడూ వెళ్లి అడగలేదు. అడగడం నా పని కాదనుకున్నాను, నా పని గొంతు. నేను ప్రార్థన ఎత్తుకుంటే రోడ్డవతల హోటల్లో చాయ తాగేవాళ్లు కూడా గ్లాసు కింద పెట్టి వింటారని నేనే అందరికీ చెప్పుకునేవాణ్ని. కళ్లు గట్టిగా మూసుకుని, చేతులు పైకెత్తి, ఊపిరి తీసుకోకుండా సాగేవాణ్ని, అయిపోయాక కళ్లు తెరిచినా ఎవరినీ చూసేవాణ్ని కాదు, నన్ను ఎవరు చూస్తున్నారో అది మాత్రం చూసుకునేవాణ్ని.

మోకాళ్ల నొప్పులతో మా మందిరం ఎనిమిది మెట్లు దిగడం నాకు కష్టం. ఆ మెట్ల దగ్గర ఎవరో ఒకరు నా మోచెయ్యి పట్టుకుని దింపేవారు. ఆ పట్టుకున్నది ఎవరని తల తిప్పి చూడాలని నాకు తోచలేదు, పెద్దవాడికి చెయ్యివ్వడం మర్యాదే కదా. కొంతకాలానికి ఆ చెయ్యి రావడం మానేసింది. అప్పుడు మాత్రం గమనించాను, గమనించి, ఈ సంఘానికి పెద్దల మీద గౌరవం పోయిందని ఇంట్లో నా భార్య మార్తమ్మ ముందు సణిగాను.

దానికి కొన్ని నెలల ముందు, వానలు మొదలైనప్పుడు, నాకొక చీటీ వచ్చింది. తండా నుంచి మందిరానికి వచ్చే సక్రి అనే ఆమె ఎవరిచేతనో రాయించి ఇచ్చింది. భర్త పేరు లచ్చిరాం, ఊపిరితిత్తుల జబ్బు. సక్రి చివరి చాప మీద చెప్పుల పక్కన కూర్చునేది, ఆశీర్వాదం కాగానే లేచి వెళ్లిపోయేది. ఇంట్లో వాళ్ల భాష వేరు కదా, తెలుగు సరిగా రాదేమోనని నాకు నేనే అనుకుని ఒక్కసారి కూడా పలకరించలేదు. కానీ లచ్చిరాం అనే పేరు నా గొంతుకు బాగా కుదిరింది, సాగదీయడానికి వీలైన పేరు. "ప్రభువా, నీ బిడ్డ లచ్చిరామును ముట్టుము, ఆ రొమ్ములో నీ ఊపిరి ఊదుము, ఆ మంచం మీద నుంచి లేపి నడిపించుము తండ్రీ" అని వారం వారం ప్రార్థించాను.

దసరా రోజుల్లో సక్రి కొన్ని ఆదివారాలు రాలేదు. తర్వాత వచ్చింది, అదే చాప, అదే మూల. ఎందుకు రాలేదమ్మా అని నేను అడగలేదు, ఇంకెవరూ అడగలేదు. నేను మళ్లీ లచ్చిరామును లేపమని ప్రార్థించాను, వెనక నుంచి ఆమె "ఆమెన్" అంది. అంత గట్టిగా ఆమెన్ అనేవాళ్లు మా సంఘంలో మరొకరు లేరు. అదంతా నా ప్రార్థన బలమేనని పొంగిపోయాను.

క్రిస్మస్ దాటాక ఒక ఆదివారం మందిరం నిండుగా ఉంది, మైకు కొత్తది, నా నోరు దానంతటదే సాగింది. "ప్రభువు నాకు దర్శనంలో చూపించాడు, లచ్చిరాం తన కాళ్ల మీద నడుచుకుంటూ వస్తున్నాడు, ఇదే తలుపులోంచి, ఈ వారమే లోపలికి వస్తున్నాడు" అన్నాను. దర్శనం లేదు, గిర్శనం లేదు. నేను గురక పెట్టి పడుకున్నానని మార్తమ్మే సాక్షి. జనం స్తోత్రం స్తోత్రం అన్నారు. వెనక నుంచి ఆమెన్ మాత్రం రాలేదు.

ఇంటికి పోతూ బాలు ఆటో ఎక్కాను. బాలుది సక్రివాళ్ల తండానే.

"మీ తండ లచ్చిరాం ఈ వారంల లేచి నడుస్తడు, సూడు బాలూ," అన్నాను.

బాలు అద్దంలోంచి నన్ను చూశాడు. "ఏ లచ్చిరాం, తాతా?"

"సక్రి పెనిమిటి."

"మజాక్ చేస్తున్నవా? ఆయన దసర ముంగటనే పోయిండు. కాటారం కాడ బిడ్డ ఇంట్ల పాణం ఇడిసిండు. సక్రక్క గిప్పుడే కండ్లు తుడుసుకుంట నీ ముంగటి ఆటోల పోయింది, సూడలేదా?"

సహోదరులారా, అప్పుడు నాకు వెంటనే పశ్చాత్తాపం కలిగిందని మీరు అనుకోకండి. దర్శనంలో కనపడింది మా మందిరం తలుపు కాదు, పరలోకపు తలుపు అని చెబితే సరిపోతుంది కదా, అనుకున్నాను. ఆ మాట అద్దం ముందు రెండుసార్లు చెప్పి చూసుకున్నాను కూడా, బాగానే వచ్చింది. కానీ మరుసటి ఆదివారం చెప్పుల పక్కన చాప ఖాళీగా ఉంది. ఆ తర్వాతి ఆదివారం కూడా ఖాళీనే. సక్రి కాటారం బిడ్డ దగ్గరికి పోయిందనీ, ఇక గుడి ముఖం చూడనని చెప్పిపోయిందనీ బాలు అన్నాడు. కష్టంలో దేవుని దగ్గరికి వచ్చిన ఒక ప్రాణాన్ని నా చేతులతో నేనే బయటికి తోలాను.

మార్తమ్మకు చెప్పాను. ఆమె బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండానే అంది, "నీ నోరు చేసిన పనికి నీ కాళ్లు పోవాలె."

"మోకాళ్లు నొస్తున్నయ్ గదనే."

"ఆమెకేం నొస్తలేదా?"

తొర్రూరు పోయి, హనుమకొండ పోయి, భూపాలపల్లిలో మళ్లీ బస్సు మారి కాటారం బయలుదేరాను. బస్సులో పక్క సీటాయన, ఎటు పోతున్నవ్ పెద్దమనిషీ అని అడిగితే, కూడికల వాక్యం చెప్పనీకి పోతున్న అన్నాను. చూశారా, అబద్ధం ఒప్పుకోవడానికి పోతూ దారిలో ఇంకొకటి.

కాటారం దాటాక ఒక చేను పక్కన కల్లంలో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. సక్రి తలకు గుడ్డ చుట్టుకుని, రంగు పోయి తెల్లబడిన తాలు కాయలను ఏరి పక్కన వేస్తోంది. నేను వచ్చిన సంగతి ఆమెకు నా తుమ్ములే చెప్పాయి. లేచి, తన సీసాలో నీళ్లు నాకిచ్చింది.

"గింత ఎండల ఎందుకొచ్చినవ్ బాపు?"

"బిడ్డా, నాకు దర్శనం రాలే. అబద్ధం చెప్పిన. ఆయన లేడన్న సంగతి సుత నాకు తెల్వది."

ఆమె మళ్లీ కూర్చుని కాయలు ఏరసాగింది. "తెల్సు బాపు. తెలిస్తె అట్లంటవా?"

"మరి అన్ని దినాలు ఆమెన్ ఎందుకన్నవ్? ఆయన లేడని ఎందుకు చెప్పలే?"

"చెప్తె పేరు కొట్టేస్తవ్ గద," అంది. "ఇంట్ల ఎవ్వలు ఆయన పేరు తియ్యరు. తీస్తె నేను ఏడుస్తనని నా బిడ్డ తియ్యది, తండల తియ్యరు. వారానికొకపారి నువ్వే అంత పెద్దగ పిలుస్తవ్. ఆ పేరు ఇననీకె వచ్చేదాన్ని."

ఇంకో తాలు కాయ పక్కన వేసి ఆమే మళ్లీ అంది, "గని ఆ దినం తలుపులకెల్లి వస్తడంటివి సూడు. నా చేతులతోని నీళ్లు పోసి సాగనంపినదాన్ని, నాకు తెల్వదా బాపు? తెల్సు. అయినా తలుపు దిక్కు సూసిన. నీ ప్రార్థన అయ్యేదాంక తలుపు దిక్కే సూసిన. ఇగ ఆ తలుపు మళ్ల సూడబుద్ధి గాలె."

నాకు తెలిసిన పని ఒక్కటే కాబట్టి చేతులు పైకెత్తాను. ఆమె వద్దంది. "ఇప్పుడు ప్రార్థన వద్దు బాపు. కూసో జర."

కూర్చున్నాను. నేనూ తాలు కాయలు ఏరడం మొదలుపెట్టాను. డెబ్భై ఏళ్లు దాటిన నా బతుకులో మొట్టమొదటిసారి ఒక మనిషిని ఒక ప్రశ్న అడిగి, అడిగినాక నోరు మూసుకున్నాను.

"లచ్చిరాం ఎట్లుండేటోడు బిడ్డా?"

ఆమె చెప్పింది, ఎండ వాలేదాకా చెప్పింది. పుట్టమన్ను తెచ్చి ఏటేటా తనే ఆమెకు పొయ్యి వేసిచ్చేవాడట, నవ్వితే పన్ను విరిగింది కనపడుతుందని చెయ్యి అడ్డం పెట్టుకునేవాడట, మేక ఈనే రోజు తను అన్నం ముట్టేవాడు కాదట. నేను ఇన్ని నెలలు ఊరికే సాగదీసిన ఆ పేరు మెల్లగా ఒక మనిషి అయింది.

"గుడి లోపలికి వచ్చేటోడు గాదు, సిగ్గు," అంది సక్రి. "మోపెడు బండి మీద తెచ్చి నన్ను దింపి, రోడ్డవతల హోటల్ల చాయ తాగుకుంట నీ ప్రార్థన ఇనేటోడు. 'మీ బాపు గొంతు మంచిగున్నది గని ఊపిరే తీసుకోడు, ఆయనను ఇంటుంటే నాకు ఆయాసమొస్తది' అని నవ్వేటోడు."

నేనూ నవ్వాను.

"నీ ప్రార్థన అయిపోంగనే మెట్ల కాడికి వచ్చి నిలబడేటోడు."

"ఏ మెట్ల కాడ?"

"గుడి మెట్ల కాడ, నిన్ను దింపనీకె. 'ముసలాయన కండ్లు మూసుకొని మూసుకొని మెట్లు సుత సూడడు, పడ్తడు' అనేటోడు. పాణం బాగలేకున్నా నీ చెయ్యి పట్టిండు గద బాపు, యాదికి లేదా?"

నా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. ఆ అరచేతి గరుకు నా మోచేతికి గుర్తొచ్చింది, దిగేటప్పుడు చెవి పక్కన వినపడే ఎగశ్వాస కూడా గుర్తొచ్చింది, అది నాదే అనుకున్నాను ఇన్నాళ్లూ. ముఖం గుర్తు రాలేదు. ఎంత వెతికినా రాలేదు, నేను చూసి ఉంటే కదా రావడానికి. లచ్చిరామును లేపి నడిపించు తండ్రీ అని లోపల నేను మైకు అదరగొడుతుంటే, ఆ లచ్చిరామే లేచి, రోడ్డు దాటి, ఆయాసపడుతూ నడిచి వచ్చి, నన్ను దింపడానికి బయట నిలబడి ఉన్నాడు. నా ప్రార్థనకు జవాబు వారం వారం నా మోచెయ్యి పట్టుకుంటే నేను తల తిప్పలేదు సహోదరులారా. దేవుడు ఎంత దగ్గరగా పనిచేస్తాడో, మనం ఎంత దూరం చూస్తామో, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఆ మిరప చేతులతోనే కళ్లు తుడుచుకున్నాను. కూడికల్లో కన్నీళ్లు తెప్పించుకోవడానికి నేను ఎంత కష్టపడేవాణ్నో నాకే తెలుసు, ఇవి అడక్కుండా వచ్చాయి, సగం మిరప ఘాటుకే అనుకోండి. సక్రి నా చేతులు పట్టి కడిగి, తన కొంగు తడిపి నా కళ్లు తుడిచింది. ఓదార్చడానికి పోయింది నేను.

బస్సు వేళ అయి లేచినప్పుడు ఆమే అంది, "ఇప్పుడు చెయ్యి బాపు, ప్రార్థన."

ఇరవై ఏళ్లుగా పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. అన్నీ తాలే. కళ్లు తెరిచి, ఆమెను చూస్తూ, "ప్రభువా, లచ్చిరాం" అన్నాను. అంతకుమించి నా దగ్గర ఏమీ లేదు.

"ఆమెన్" అంది సక్రి, మునుపటిలాగే గట్టిగా. కూడికల్లో దేవుని సన్నిధి దిగిందని నేను ఎన్నోసార్లు ప్రకటించాను. అది నాకు నిజంగా తెలిసింది ఆ ఒక్క మాట విన్నాకే, ఆ కల్లంలోనే.

తర్వాతి ఆదివారం అదే మైకులో నా అబద్ధం ఒప్పుకున్నాను. ఆ రోజే సక్రి తలుపులోంచి నడిచి వచ్చిందనీ, సంఘమంతా లేచి నిలబడిందనీ రాయాలని నా చెయ్యి దురద పెడుతోంది. రాలేదు. మిరప పనులు అయిపోయి, ఎండలు ముదిరాక ఒక ఆదివారం ఆలస్యంగా వచ్చి, అదే మూల కూర్చుంది. తలుపు దాటేటప్పుడు ఒక క్షణం ఆగింది, అది చూశాను, ఎందుకంటే ఇప్పుడు నేను కళ్లు తెరిచే ప్రార్థిస్తున్నాను. మార్తమ్మ లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది.

లచ్చిరాం పేరు నేను కొట్టెయ్యలేదు. నోటుబుక్కులో ఒక కొత్త పేజీ తీసి, పైన కృతజ్ఞతలు అని రాసి, మొదటి పేరు అతనిదే ఎక్కించాను. వారం వారం పిలుస్తాను, ఇప్పుడు లేపమని కాదు, మాకు ఇచ్చినందుకు. మిగతా పేర్లవాళ్ల ఇళ్లకు వారమంతా పోతున్నాను, కూర్చుంటున్నాను, అడుగుతున్నాను. అలసిపోయి ఆదివారానికి నా ప్రార్థన పొట్టిదైపోయింది, అందుకు కూడా సంఘం దేవుణ్ని స్తుతిస్తోంది.

ప్రియులారా, చెవిటివాడిగా బతికిన ఈ ముసలివాణ్ని ఆయన విడిపించాడు, మిమ్మల్నీ విడిపిస్తాడు, నమ్మండి. ఆయనకు పెద్ద గొంతు అక్కర్లేదు, మూలన కూర్చున్న మనిషి నిట్టూర్పు కూడా ఆయనకు వినపడుతుంది. వచ్చే ఆదివారం ఆమెన్ అన్నాక మీ పక్కన ఉన్నది ఎవరో ఒక్కసారి తల తిప్పి చూడండి, ఎట్లున్నవ్ అని అడగండి, అడిగి, వాళ్లు చెప్పేదాకా ఆగండి.

ఇంకొక్కటి ఒప్పుకుని ముగిస్తాను. మా మందిరానికి మెట్లు ఎనిమిది అని పైన రాశాను. మూడే. ఆ మూడు మెట్లకు కూడా నాకొక మనిషిని నిలబెట్టిన దేవునికే మహిమ.